అమెరికా అధ్యక్షుల దాసులును మన రేవుల కూలీలును

గత సంవత్సరము పదవ తరగతివారికి అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు పాఠము చెప్పుచుండగా, వెనుక బల్లమీదినుండి ఒక బాలుడు లేచి, “మాష్టారూ, మనుషులందరూ సమానులని రాసిన జెఫర్సన్ గారింట్లో వందలమంది బానిసలుండేవారట గదండీ. ఆయన రాసింది ఆయన చదువుకోలేదాండీ?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. అది కాలధర్మమనియు, ఆ దినములలో గొప్పవారు పలువురు అట్లే చేసిరనియు చెప్పి పాఠము ముగించితిమి.

ఆ సాయంకాలము యానాములో గోదావరి యొడ్డున నడచుచుండగా ఆ సమాధానము మాకే రుచింపలేదు. కాలధర్మమని మేము త్రోసివేసిన ఆ వ్యాపారము సముద్రములకావల మాత్రమే జరిగినది కాదు. మనుష్యుని చేతికి కాగితమిచ్చి ఓడనెక్కించిన చరిత్ర ఈ యేటి ముఖద్వారమునకును కలదు. ఆ బాలునికి మేము బాకీపడిన సమాధానమే ఈ వ్యాసము.

ముందుగా అమెరికా సంగతి. ఆ దేశపు మొదటి పండ్రెండుగురు అధ్యక్షులలో జీవితకాలమున ఎన్నడును దాసులు లేనివారు ఇద్దఱే. వారు జాన్ ఆడమ్సును, అతని కుమారుడగు జాన్ క్విన్సీ ఆడమ్సును. తక్కినవారిలో వాషింగ్టను, జెఫర్సను, మాడిసను, మన్రో, జాక్సను, టైలరు, పోల్కు, టేలరు అను ఎనమండుగురు అధ్యక్షపీఠమునందున్న కాలముననే దాసులకు యజమానులై యుండిరి. 1790లో మొదటి జనాభా లెక్క తీసినప్పుడు ఆ దేశమున దాసులు దాదాపు 7 లక్షలమంది. 1860 నాటికి 39 లక్షలకు మించిరి. 1808 జనవరి 1వ తేదీనుండి ఆఫ్రికానుండి క్రొత్తవారిని తెచ్చుట చట్టముచే నిషిద్ధమయ్యెను గాని, దాసి బిడ్డలు పుట్టుకతోనే దాసులు గనుక ఆ సంఖ్య పెరుగుట ఆగలేదు.

జార్జి వాషింగ్టను తన మరణ సంవత్సరమగు 1799లో తన మౌంట్ వెర్నను భూములందలి దాసుల పట్టికను తయారుచేసెను. ఎవరి పేరేమి, ఎవరి భార్య యెచ్చట నున్నది, ఎవరే పని చేయుదురు అను వివరములన్నియు అందు కలవు. వెరసి 317 మంది. అందులో 123 మంది మాత్రమే అతని స్వంతము. 153 మంది అతని భార్య మార్తాగారి మొదటి భర్త ఆస్తికి చెందినవారు. వారిని విడుదలచేయు అధికారము ఆ దంపతులకు లేదు. తన స్వంత దాసులు తన భార్యానంతరము స్వతంత్రులు కావలెనని అతడు మరణశాసనమున వ్రాసెను. ఆమె యంతకాలము ఆగక 1801 జనవరి 1వ తేదీననే వారిని విడిచిపెట్టెను. ఆ తరపు దాసస్వామ్యధ్యక్షులలో తన వారినందఱిని విడుదలచేసినవాడు వాషింగ్టను ఒక్కడే. ఈ గౌరవము అతనికి చెల్లవలసినదే.

అయినను చరిత్ర చదువువారు రెండవ పుటను కూడ త్రిప్పవలెను. ఫిలడెల్ఫియా రాజధానిగానున్న కాలమున అచ్చటి పెన్సిల్వేనియా రాష్ట్రమునందు ఒక చట్టముండెను. వెలుపలినుండి తెచ్చిన దాసుని ఆఱు మాసములకు మించి అచ్చట ఉంచినచో వాడు స్వతంత్రుడగును. అందుచేత దేశాధ్యక్షుడు ఆ గడువు నిండకమునుపే తన యింటి దాసులను ఏదో యొక మిషమీద పొలిమేర దాటించి మఱల రప్పించుచుండెను. ఈ సంగతి దాసులకుగాని ప్రజలకుగాని తెలియకుండ జరుగవలెనని తన కార్యదర్శికి ఉత్తరము వ్రాసెను. రహస్యముగా చేయుమని వ్రాసినవాడు తాను చేయునదేమో ఎఱుగనివాడని ఎట్లు చెప్పుదుము? కాలధర్మమను మా సమాధానము మొట్టమొదట చెడినది ఈ యుత్తరమువద్దనే.

1796 మే మాసమున ఒకనాడు అధ్యక్షుని కుటుంబము భోజనమునకు కూర్చుండియుండగా ఓనా జడ్జి అను యువతి, మార్తాగారి దాసి, ఆ యింటి వాకిలి దాటి పోయెను. ఓడనెక్కి ఉత్తరమున న్యూహాంప్షైరు చేరెను. ఆమెను తిరిగి రప్పించుటకు వాషింగ్టను ప్రభుత్వోద్యోగుల ద్వారా ప్రయత్నించెను. పారిపోయిన దాసులను పట్టి యప్పగించు చట్టముమీద 1793లో సంతకము చేసినవాడును అతడే. ఆమె రాలేదు. అచ్చటనే పెండ్లాడి, బిడ్డలను కని, దారిద్ర్యములో కాలము గడపెను. వార్ధక్యమున తన్ను చూడవచ్చిన పత్రికలవారితో, చదువు నేర్చినదియు, క్రైస్తవ విశ్వాసమున ప్రవేశించినదియు తప్పించుకొని వచ్చిన పిమ్మటనే యని ఆమె చెప్పెను. చట్టము దృష్టిలో మాత్రము 1848లో కన్నుమూయువఱకు ఆమె పరుల సొత్తే. ఈ 1848వ సంవత్సరమును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. దానితో మనకు మఱల పని కలదు.

మా విద్యార్థి యడిగిన జెఫర్సను జీవితకాలమున ఆఱు వందలకు పైగా దాసులను కలిగియుండెను. 1776లో స్వాతంత్ర్య ప్రకటనమును చిత్తుగా వ్రాసినప్పుడు దాసుల వర్తకమును నిందించు ఒక ఖండికను అందులో చేర్చెను. ప్రతినిధుల సభ దానిని కొట్టివేసెను. కనుక వ్రాసినది అతడు చదువుకొనలేదని యనుటకు వీలులేదు. చదువుకొనియే దాచిపెట్టెను. 1784 మొదలు 1789 వఱకు ఫ్రాన్సులో రాయబారిగా నున్నప్పుడు జేమ్సు హెమింగ్సు అను దాసుని వంట నేర్చుటకు పారిసునకు తీసికొనిపోయెను. అటుపిమ్మట వాని చెల్లెలు శాలీయు వచ్చెను. ఫ్రాన్సు నేలమీద అడుగిడిన దాసుడు స్వేచ్ఛను కోరవచ్చునని అచ్చటి న్యాయస్థానములు పలుమారు తీర్పుచెప్పి యుండెను. అయినను ఆ యిరువురును 1789లో జెఫర్సనుతోకూడ దాసులుగనే మరలివచ్చిరి. శాలీ బిడ్డలకు తండ్రి జెఫర్సనే యని 1998లో జరిగిన రక్తపరీక్షల పిమ్మట చరిత్రకారులు పెక్కుమంది అంగీకరించుచున్నారు. 1826లో అతడు చనిపోవునప్పటికి అప్పులు పర్వతమువలె నుండెను. మరణశాసనమున విడుదల పొందినవారు ఐదుగురు. తక్కినవారిలో 130 మందిని మఱుసటి జనవరిలో ఆ యింటి ముంగిటనే వేలము వేసిరి. ఎముకలు కొఱుకు చలిలో తల్లి యొకరికి, బిడ్డ యొకరికి పోయిన వేలమది.

మాడిసను, మన్రోల వృత్తాంతము ఇంతకంటె భిన్నము కాదు గనుక విస్తరింపము. ఆండ్రూ జాక్సను మాత్రము ఒక వాక్యమునకర్హుడు. 1804లో, అధ్యక్షుడగుటకు చాల పూర్వము, పారిపోయిన తన దాసుని పట్టితెచ్చువారికి బహుమానము ప్రకటించుచు, వానిని కొట్టు ప్రతి నూఱు కొరడా దెబ్బలకు పది డాలర్లు అదనముగా నిత్తుననియు, ఆ దెబ్బలు మూడు వందలవఱకు పోవచ్చుననియు అచ్చువేయించెను. ఆ వార్తాపత్రిక నేటికిని నిలిచియున్నది.

ఇట్టివారు తమ రాజ్యాంగమును వ్రాయునప్పుడు ఏమి చేసిరి? ఇచ్చటనే మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగినది. 1787లో రచింపబడిన ఆ రాజ్యాంగమున దాసులను గూర్చిన నిబంధనలు కలవు. ప్రతినిధుల సంఖ్య నిర్ణయించుటకు దాసులలో ఐదుగురిని ముగ్గురుగా లెక్కింపవలెనని యొకటి. ఇరువది సంవత్సరములవఱకు వారి దిగుమతిని ఆపరాదని మఱియొకటి. పారిపోయినవారిని తిరిగి యప్పగింపవలెనని వేఱొకటి. కాని ‘దాసుడు’ అను పదము ఒక్కచోటనైనను కానరాదు. ‘ఇతర జనులు’, ‘అట్టి జనులు’, ‘సేవకుగాని శ్రమకుగాని కట్టుబడిన వ్యక్తి’ అని వ్రాసిరి. దాస్యమను మాట ఆ రాజ్యాంగములోనికి మొదటిసారి వచ్చినది 1865లో, దానిని రద్దుచేసిన పదమూడవ సవరణతోడనే. డెబ్బదియెనిమిది సంవత్సరములు ఆ కార్యము పేరులేకుండ నడచినది. ఈ పేరు మఱుగుపఱచు విద్య అమెరికావారికి మాత్రమే తెలిసినది కాదు. ఇక మన రేవునకు వత్తము.

1789వ సంవత్సరమును గమనింపుడు. ఏప్రిలు 30వ తేదీన వాషింగ్టను అధ్యక్షుడుగా ప్రమాణము చేసెను. ఆగస్టులో ఫ్రాన్సు ప్రతినిధులు మానవ హక్కులను ప్రకటించిరి. ఆ సంవత్సరమే కారన్వాలిసు ప్రభువు బంగాళానుండి మనుష్యులను దాసులుగా ఓడలకెక్కించి పంపుటను నిషేధించెను. డిసెంబరులో మన యానామునకు ప్రక్కనున్న కోరంగిమీద ఉప్పెన విరుచుకుపడెను. ఇరువది వేలమంది మరణించిరని చెప్పుదురు. అటుపిమ్మట ఉత్తర సర్కారులను కఱవు పట్టినది. కఱవునకును దాసుల వర్తకమునకును గల చుట్టరికము మన తూర్పు తీరమున పాతది. పదునేడవ శతాబ్దమున డచ్చివారు ఈ తీరమున దాసులను కొన్న సంవత్సరములను వరుసగా వ్రాసినచో అవి యించుమించుగా కఱవుల పట్టికయే యగును. వాన కురిసిన యేట మనుష్యుని వెల పెరుగును; కురియని యేట గంజినీళ్లకే బిడ్డ దొరకును.

ఫ్రెంచివారు యానామున మొదట కోఠీ పెట్టినది 1723లో. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఫ్రాన్సు రాజు హిందూమహాసముద్రమునందలి తన దీవులకు, అనగా బూర్బోనునకును ఫ్రాన్సు ద్వీపమునకును, దాసుల శాసనమును జారీచేసెను. బూర్బోను అనునది నేటి రెయూనియను; ఫ్రాన్సు ద్వీపమనునది నేటి మారిషసు. ఆ దీవుల దాసులలో అధిక సంఖ్యాకులు ఆఫ్రికా, మడగాస్కరు దేశములవారైనను, హిందూదేశమునుండి పోయినవారును కలరు. 1670 మొదలు 1810 వఱకు మన దేశమునుండి ఆ దీవులకు దాసులుగా చేరినవారు సుమారు 20,000 మంది యుందురని చరిత్రకారుల అంచనా. వారు తమిళులైనను, తెలుగువారైనను, బంగాళీలైనను అచ్చటి లెక్కలలో తఱచుగా ‘మలబారు’లే. ఊరు పోయిన పిమ్మట భాషయు, భాష పోయిన పిమ్మట పేరును పోయినవి.

ఆ 1723వ సంవత్సరపు శాసనములో మా వంటి క్రైస్తవోపాధ్యాయుని తలవంచుకొనజేయు నిబంధన యొకటి కలదు. దాసులకెల్ల బాప్తిస్మమిప్పించి మతబోధ చేయవలెనట. బాప్తిస్మము పొందినవాడు క్రీస్తునందు సహోదరుడు. తోటకు పోయిన పిమ్మట సొత్తు. అమెరికాలోని వర్జీనియావారు ఈ చిక్కును ఇంకను తేటగా తీర్చుకొనిరి: బాప్తిస్మము దాసుని స్థితిని మార్పజాలదని 1667లోనే చట్టము చేసిరి. వాషింగ్టనును, జెఫర్సనును, మాడిసనును, మన్రోయు పుట్టిన సీమ యదియే. పౌలు ఒనేసిమును ఫిలేమోనునొద్దకు తిరిగి పంపెనను సంగతిని పట్టుకొని దాసస్వాములు ప్రసంగములు చేయించిరి. దాసులో, పొలములలో చేరి నిర్గమకాండపు కథను పాడుకొనిరి. ఒకే గ్రంథము, రెండు చెవులు.

మన తెలుగు మిషనులకును ఈ జగడముతో సంబంధము లేకపోలేదు. అమెరికను బాప్తిస్టులు నెల్లూరు సీమలో పని మొదలుపెట్టి పది సంవత్సరములైనను కాకమునుపే, 1845లో, దాసులు గలవానిని మిషనెరీగా పంపవచ్చునా కూడదా యను ప్రశ్నమీద ఆ సంఘము రెండుగా చీలినది. కూడదన్నవారి పక్షమున మన తెలుగు మిషను నిలిచినది. మన పెద్దలకు సువార్త తెచ్చినవారు ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పకుండ ఓడనెక్కలేకపోయిరని తెలిసినప్పుడు మాకు కొంత యూరట కలిగినదని ఒప్పుకొందుము.

మఱల యానామునకు. ఫ్రెంచి విప్లవసభ 1794 ఫిబ్రవరి 4వ తేదీన తన రాజ్యమంతట దాస్యమును రద్దుచేసెను. మాస్కరీను దీవుల తోటల యజమానులు ఆ యాజ్ఞను అమలు జరుగనీయలేదు. ఆజ్ఞతో వచ్చిన ప్రతినిధులను 1796లో తిప్పి పంపిరి. 1802లో నెపోలియను మఱల దాస్యమును ధ్రువపఱచెను. అప్పటికి యానాము ఇంగ్లీషువారి చేతిలో నున్నది; ఫ్రెంచివారికి తిరిగి దక్కినది 1817లో. ఆ సమయమున బూర్బోనునందు చెఱకు తోటలు విస్తరించుచుండెను. దాసుల వర్తకమును ఫ్రాన్సు నిషేధించినందున, దొంగచాటుగా తప్ప క్రొత్తవారు వచ్చుట లేదు. పంచదారకో, చేతులు కావలెను. అప్పుడు వర్తకుల దృష్టి మన గోదావరి మీద పడినది.

1828లో ‘లా తుర్క్వాజు’ అను నోడలో యానామునుండి 15 మంది తెలుగువారు బూర్బోను చేరిరి. ఒడంబడిక వ్రాసికొని ఆ దీవికి పోయిన హిందూదేశపు కూలీలలో వీరే మొదటివారు. ఫ్రెంచి కాగితములలో వీరికి ‘తెలింగలు’ అని పేరు. చెఱకు నఱకుటకై సముద్రము దాటిన లక్షలాది ఒడంబడిక కూలీల కథకు మొదటి పుట మన యీ చిన్న యూరిలో వ్రాయబడినదని ఇచ్చటి పెద్దవారిలో సైతము పలువురెఱుగరు. రెండు మూడు సంవత్సరములలో ఆ దీవికి చేరినవారు సుమారు 3,000 మంది. వారి చేతిలో కాగితమున్నది. కాగితముమీద జీతమున్నది, గడువున్నది, తిరిగివచ్చు హక్కున్నది. దిగిన దీవిలో మాత్రము ప్రక్క గుడిసెవాడు దాసుడే. మేస్త్రీ చేతి కొరడా కాగితము చదువదు. జీతములు సరిగా ముట్టలేదు, ఫిర్యాదులు చెలరేగెను, పలువురు తోటలు విడిచి పోయిరి. కొలది యేండ్లకే ఆ ప్రయత్నము చెడి, పెక్కుమందిని తిరిగి పంపిరి.

పదిహేనుగురు ఏల పోయిరని విద్యార్థులు మమ్మడుగుదురు. వారి మనస్సులోనిది మేమెట్లు చెప్పగలము? ఆ నాటి గోదావరి డెల్టాను మాత్రము చెప్పగలము. ధవళేశ్వరము ఆనకట్ట అప్పటికి లేదు. దాని నిర్మాణము 1847లో మొదలైనది. నీరు వచ్చిన యేట వఱద, రాని యేట కఱవు. 1832–33లో నందన కఱవు వచ్చినప్పుడు గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనములో లక్షన్నరకు మించి నశించిరి. 1839లో ఉప్పెన కోరంగిని రెండవమారు పాడుచేసెను. ఇంగ్లండు మరలపై నేసిన గుడ్డ దిగి, నీలపల్లి, ఇంజరము ప్రాంతముల మగ్గములు మూలబడెను. ఇట్టి చోట ఓడవాడు చేతిలో ముందుగా కొంత రొక్కము పెట్టినచో వ్రేలిముద్ర వేయుట మనస్ఫూర్తియగు సమ్మతి యని పిలువవచ్చునా యను ప్రశ్నను పెద్ద తరగతుల వారికి విడిచిపెట్టుచున్నాము.

ఇంగ్లీషువారి మారిషసులో దాస్యము 1835లో తొలగినది. రాజ్యమంతటికిని కలిపి రెండుకోట్ల పౌనుల పరిహారము చెల్లించిరి. చెల్లించినది దాసులకు కాదు, యజమానులకు. ఆ తోటలకు మన కూలీలు రాగా, దుర్వృత్తాంతములు బయటపడి కొంతకాలము వలస ఆపబడి, 1842 తుదిలో మఱల తెఱవబడినది. 1843లో ‘కోరంగి పాకెట్టు’ అను నోడ కోరంగినుండి తెలుగు కూలీలతో మారిషసునకు పోయెను. అచ్చటి తెలుగువారికి కోరంగీలని పేరు నిలిచినది. బర్మాలో సైతము మనవారిని చాలకాలము ఆ పేరుతోనే పిలిచిరి. ఊరి పేరు మనుష్యుల పేరైనది. రేవు పూడిపోయి, ఓడలు కాకినాడకు మరలి, నేడు కోరంగి మడచెట్లకును పక్షులకును నిలయమైన అభయారణ్యము. ఆ పేరు మాత్రము సముద్రముల కావల బ్రదికియున్నది.

ఇక 1848. ఏప్రిలు 27వ తేదీన ఫ్రాన్సు తన వలసలన్నిటిలో దాస్యమును తుదిసారి రద్దుచేసెను. డిసెంబరు 20వ తేదీన రెయూనియనులో 60,000 మందికి పైగా స్వతంత్రులైరి. న్యూహాంప్షైరులో ఓనా జడ్జి చనిపోయినది ఆ సంవత్సరపు ఫిబ్రవరిలోనే. ఫ్రాన్సును యజమానులకే పరిహారమిచ్చెను. స్వతంత్రులు తోటలు విడిచి పోగా, మఱల పుదుచ్చేరి, కారైకాలు, యానాము రేవులనుండి ఓడలు బయలుదేరెను. 1860లో ఇంగ్లీషువారితో ఒడంబడిక కుదిరి ఆ వలస మఱింత పెరిగి, దుర్వర్తనములు మితిమీరగా 1882లో ఇంగ్లీషు ప్రభుత్వముచే ఆపబడినది. ఆ శతాబ్దమున రెయూనియనునకు పోయిన హిందూదేశస్థులు లక్షకు పైగా. దాసుడని వ్రాయక ‘ఒడంబడికవాడు’ అని వ్రాసిరి. ‘సేవకు కట్టుబడిన వ్యక్తి’ అని అమెరికా రాజ్యాంగమున వ్రాసినట్లే. రెండును ఒకటే యని మేమనము. కూలీకి గడువున్నది, వాని బిడ్డ స్వతంత్రుడుగా పుట్టును, బ్రదికియున్నచో తిరిగిరావచ్చును. ఈ భేదము చిన్నది కాదు. జెఫర్సను వేలములో నిలిచిన తల్లిని అడిగినచో అది ఆకాశమంత భేదమని చెప్పియుండును. భేదమున్నది గనుక పేరు వేఱు కావలసినదే. కాని పేరు వేఱయినంతమాత్రమున పరిశీలన మానరాదు.

మఱియొక దారి కూడ అమెరికా దాస్యమును మన యింటి ముంగిటకు తెచ్చినది. 1861లో ఆ దేశమున అంతర్యుద్ధము పుట్టి, దాసులు పండించిన ప్రత్తి ఇంగ్లండునకు పోవుట ఆగిపోగా, మన దేశపు ప్రత్తి ధర ఆకాశమునంటెను. కాకినాడ రేవు వృద్ధియగుటకు ఆ యేండ్ల ప్రత్తి వ్యాపారము ముఖ్యకారణములలో నొకటి. ‘కాకినాడ ప్రత్తి’ యని ఆ సరకునకు బజారులో పేరే ఏర్పడినది. యుద్ధము 1865లో ముగిసి దాసులు స్వతంత్రులు కాగానే ధరలు పడిపోయెను. ఆ వార్త విని ఇచ్చటి వర్తకులలో ఎవరైనను సంతోషించి యుందురా యని మాకు సందేహము.

ఇంతవఱకు దొరల దోషములనే లెక్కించితిమి. ఈ వ్యాసమును ఇచ్చట ముగించినచో ఆ బాలుని ప్రశ్నను సగమే విన్నట్లగును. మన దేశమున దాస్యహక్కును న్యాయస్థానములు గుర్తింపరాదని 1843లో ఐదవ చట్టము చేయబడినది. మనుష్యుని కొనుట, అమ్ముట నేరమని 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి చెప్పినది. అయినను పొలముమీద అప్పు నిలిచినది. పాలేరు ఆఱు బస్తాల ధాన్యము ముందుగా తీసికొని సంవత్సరమంతయు పనిచేయును. పెండ్లికో చావుకో మఱికొంత తీసికొనును. తీరని బాకీకి కొడుకు పశువుల కాపరిగా కుదురును. అతనిని దాసుడని ఎవరును పిలువలేదు. ‘మా యింటి మనిషి’ యని పిలిచిరి. మా తాత అట్టి మనిషియే. ఆయన తీర్చుచుండిన అప్పు ఎప్పుడు పుట్టినదో, ఎవరు తెచ్చినదో మా యింటిలో ఎవరికిని తెలియదు. మా తండ్రి బడికి పోవుటకు కారణము మిషను ఉపదేశకుడొకడు వచ్చి ఆ కామందుతో మాటాడుటయే యని మాత్రము తెలియును. అప్పుకై కట్టుబడి చాకిరి చేయుటను రద్దుపఱచిన చట్టము 1976లో వచ్చినది. అమెరికా పదమూడవ సవరణకు 111 సంవత్సరముల పిమ్మట.

ఆ కామందు చెడ్డవాడు కాడని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. పండుగకు పంచె ఇచ్చువాడట. జ్వరము వచ్చినచో కషాయము పంపువాడట. వాషింగ్టనును తన దాసులకు వైద్యుని పిలిపించుచుండెను. మంచివారి చేతిలో నున్నందువలననే ఈ వ్యవహారము అంతకాలము నిలిచినదేమో యని మాకు తోచుచున్నది. జాక్సను ప్రకటనను చదివినవాడు అసహ్యించుకొనును. వాషింగ్టను మర్యాదను చూచినవాడు కాలధర్మమని సరిపెట్టుకొనును, మేము తరగతిలో చేసినట్లు.

వలసపోయినవారి కాగితములు నేటికిని కలవు. మారిషసులోని మహాత్మాగాంధీ సంస్థయందు ఆ దీవికి చేరిన కూలీల పట్టికలు భద్రపఱుపబడియున్నవి. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, కులము, గ్రామము, ఎత్తు, దేహముమీది గుర్తులు వ్రాయబడినవి; కొంతకాలపు వారికి ఛాయాచిత్రములును కలవు. ఊళ్ల పేర్లు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాయుటచేత గుర్తుపట్టుట కష్టము. ఆ దీవిలో ఉగాది నేటికిని ప్రభుత్వపు సెలవు దినము.

ఈ యేడు ఆ పాఠము చెప్పునప్పుడు ప్రపంచ పటమును తరగతి గోడకు తగిలించితిమి. ఆఫ్రికానుండి వర్జీనియాకు ఒక ఎఱ్ఱదారము, యానామునుండి రెయూనియనునకు ఒక పచ్చదారము కట్టితిమి. ఒక బాలిక లేచి, తన ముత్తాత రంగూనులో చనిపోయెనని తమ యింటిలో చెప్పుదురనియు, అచ్చటికి దారము లేదనియు అనెను. పచ్చదారము అయిపోయినందున తెల్లదారముతో కట్టితిమి.

మొదట ప్రశ్న వేసిన బాలుడిప్పుడు కాకినాడలో ఇంటర్మీడియేటు చదువుచున్నాడు. ఈ సంచిక ప్రతి యొకటి అతనికి పంపుచున్నాము.